మూడో బెజ్జం

కాదు, మూడోదాంతోనే ముగిస్తాను నేను, ఎప్పుడూ మూడోదాంతోనే. ముందు రెండూ నాలుగూ, ఆ తర్వాత ఒకటీ మూడూ, లేత్ మిషను బెజ్జాల్లో కీ పెట్టి ఎదురెదురు జతలుగా బిగించుకుంటూ వచ్చి ఆఖరి తిప్పు మూడోదానికిచ్చి చెయ్యి తీస్తాను. బుచ్చిబాబు పద్ధతి అది కాదు. అతను ప్రదక్షిణం చేసినట్టు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వరసగా వెళ్ళి మళ్ళీ ఒకటి దగ్గరికొచ్చి ఆగుతాడు. ఒకే మిషను మీద ఏడేళ్ళు పక్కపక్కన పనిచేసినా అతని అలవాటు నాకు గానీ నా అలవాటు అతనికి గానీ అంటలేదు. ఆ రోజు కీ మూడో బెజ్జంలో ఉంది. కాబట్టి దాన్ని అందులో వదిలేసింది నేను. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఎటునుంచి మొదలుపెట్టినా ఇక్కడికే వస్తున్నాను. ఇవాళ కూడా, అమీర్‌పేట మెట్రో మెట్లెక్కుతూ, సంచి బరువుకి కుడి భుజం కిందికి లాగుతుంటే, ఇంకోసారి మొదలుపెట్టి ఇంకోసారి ఇక్కడికే వచ్చాను.

సంచిలో ఉన్నది ఫోర్ జా చక్. లేత్ మీద ఇనుప ముక్కను పట్టుకుని తిరిగే గుండ్రటి బిళ్ళ. దానికి నాలుగు దవడలు, ప్రతి దవడ వెనకా అంచున ఒక చదరపు బెజ్జం. బెజ్జంలో కీ పెట్టి తిప్పితే ఆ దవడ ఒక్కటే లోపలికో బయటికో జరుగుతుంది. ఆరున్నర కిలోలు. దీన్ని నేను పంజాగుట్టలో బుచ్చిబాబు ఇంటికి తీసుకెళుతున్నాను. రేపు పొద్దున సోమాజిగూడలో అతనికి కంటి ఆపరేషను, మిగిలిన ఒక్క కంటికి. వెళ్ళేముందు ఈ చక్‌ను ఒకసారి చేత్తో చూడాలన్నాడు. చేత్తో చూడాలి నర్సయ్యా, అన్నాడు ఫోనులో. ఆ మాట విన్నప్పటినుంచీ నాకు అన్నం సహించడం లేదు. బాలానగర్ టూల్‌రూమ్‌లో నలభై మందిమి ఉండేవాళ్ళం, ఏ పనిముట్టుతో కొలిచేముందైనా బుచ్చిబాబు వేలినే అడిగేవాళ్ళం. తలవెంట్రుకలో పదోవంతు ఎత్తుపల్లం ఉన్నా అతని చూపుడువేలికి తెలిసిపోయేది. మూడో బెజ్జం అంచుమీదుగా ఆ వేలు ఒక్కసారి పోతే చాలు. నేను ఆకురాయితో రాసి చెరిపేసినదంతా చదివేస్తుంది.

స్టేషన్లో స్కానింగు మిషను రబ్బరు తెరల కిందినుంచి సంచి లోపలికి పోయింది, పట్టీ ఆగింది, వెనక్కి జరిగింది, మళ్ళీ ముందుకు జరిగింది. వెనక క్యూలో ఎవరో విసుగ్గా నాలుక చప్పరించారు.

“పెద్దాయనా, గీ సంచి నీదేనా? గిదేంది లోపట, నల్లగ గుండ్రంగ?”

“మిషన్ సామాన్.”

“మిషన్ ఏడున్నది మరి?”

“ఇంట్లున్నది.”

“మిషన్ ఇంట్లుంటె సామాన్ గీడెందుకున్నది?” సెక్యూరిటీ అతనికి ముప్పై ఏళ్ళుంటాయి, తన ప్రశ్న తనకే నచ్చినట్టు నవ్వాడు.

“దోస్తుకు చూపెడదామని.”

“ఫోటో గొట్టి వాట్సాప్ల పంపరాదె? గీ వయసుల గింత బరువు మోసుడెందుకు?”

“ఆయనకు కండ్లు కనవడయి.”

అతని నవ్వు ఆగిపోయింది. పై ఆఫీసరమ్మను పిలిచాడు, ఆమె చూసింది, తల అడ్డంగా ఊపింది. “ఏమనుకోకు తాత, రానియ్యరు. నా నౌకరీకొస్తది,” అంటూ సంచిని రెండు చేతులతో జాగ్రత్తగా నా చేతుల్లో పెట్టాడు. నేను అప్పటికీ స్కానింగు బొమ్మ కనిపించే తెరవైపే చూస్తున్నాను. ముందువాళ్ళ బ్యాగుల్లో టిఫిన్ డబ్బాలూ ఛార్జర్లూ గొడుగు పుల్లలూ విడివిడిగా, రంగురంగులుగా కనిపించాయి. నాది మాత్రం ఒట్టి నలుపు, ఏ కిరణమూ లోపలికి దూరని గుండ్రటి నలుపు. ఒక్క క్షణం ధైర్యం వచ్చింది, దీనిలోపల ఏముందో యంత్రానికే తెలియలేదు గదా అని. అంతలోనే, ఆ ధైర్యం ఎలాంటిదో తెలిసి సిగ్గేసింది. ఇంటికి తిరిగి పోవచ్చు. రానియ్యలేదు, ఆపరేషను అయ్యాక తెస్తాను అని ఫోను చేస్తే నమ్ముతాడు. నా మాట ఏదైనా నమ్ముతాడు. నా కాళ్ళు మెట్లు దిగి ఇంటివైపు కాక పంజాగుట్ట వైపు తిరిగాయి. అది నిర్ణయం కాదు. నేను ఏ నిర్ణయమూ తీసుకోలేదు, ఆనాటినుంచీ నేను తీసుకున్న నిర్ణయమంటూ ఏదీ లేదు. అన్నీ ఇలా కాళ్ళో చేతులో చేసినవే.

తుంపర పడుతోంది. పైన మెట్రో వంతెన ఉన్నంతమేరా తడవను, స్తంభానికీ స్తంభానికీ మధ్య గాలి తెచ్చిన చినుకులు మాత్రం ముఖాన పడుతున్నాయి. కోచింగుల బోర్డులు, హాస్టళ్ళ బోర్డులు, ఒకదాని భుజమ్మీద ఇంకొకటి. ఎవరో కరపత్రం చేతికివ్వబోయి, నా చేతులూ నా ముఖమూ చూసి వెనక్కి తీసుకున్నారు. సంచిని ఎడమచేతికి మార్చాను. బట్ట పట్టీ వేళ్ళను కోస్తోంది. పొద్దున మంగవ్వ అంది, “పొద్దుగాల సంది గా సంచి ముంగట్నే గూసున్నవ్. అది గుడ్లు వెడ్తదా ఏంది? తీస్కపోతె తీస్కపో, లేకుంటె లేదని చెప్పు.” ఆమె ఇంకేదో అనబోయి ఆగిపోయింది. మంగవ్వ అలా ఆగిపోయే చోట్లు నాకు తెలుసు, ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో అవి చాలా లేవు.

ఈ ఆదివారం తేజ అనే కుర్రాడు వచ్చి, కొనుక్కున్న మిషను పట్టుకుపోతాడు. మా ఇల్లు పడగొట్టి హాస్టలుకి పనికొచ్చేలా కడుతున్నారు, వెనక ఉన్న రేకుల గది కూడా పోతుంది, ఆ గదిలోనే మా లేత్ ఉంటుంది. మాది అంటే నాదీ బుచ్చిబాబుదీ. మూతపడిన ఒక ప్రయోగశాల వేలంలో ఇద్దరం కలిసి కొన్నాం, డెబ్బై ఏళ్ళనాటి ఇంగ్లీషు మిషను, బల్ల మీద పట్టేంత చిన్నది. దాంతోపాటు చెక్కపెట్టె నిండా సామాన్లు. పొడుగు కడ్డీ ఊగకుండా పట్టుకునే స్టెడీ, వంకర ముక్కల్ని బోల్టులేసి బిగించే ఫేస్ ప్లేటు, మిల్లింగు పని చేసుకునే అటాచ్‌మెంటు, మరలు కోసేటప్పుడు మార్చుకునే పద్దెనిమిది గేర్లు, అన్నిటి మీదా ఒకే కంపెనీ ముద్ర. తేజ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, అపార్టుమెంటు కింద పార్కింగులో చిన్న వర్క్‌షాపు పెట్టుకున్నాడు. పెట్టె మూత తీసినప్పుడు అతని ముఖం చూశాను. “అంకుల్, మిషన్లు ఎక్కడైనా దొరుకుతాయండి, ఈ సామాన్లే దొరకవు. ఒక్క గేరు కోసం నాలాంటివాళ్ళు ఏళ్ళ తరబడి తిరుగుతున్నారు,” అన్నాడు. ఒక్కొక్కటీ తీసి కిటికీ వెలుగులో తిప్పి ఫోటో తీసుకున్నాడు. చివరికి అటక మీదినుంచి చక్ దించమన్నాడు. నూనెగుడ్డ విప్పి, బెజ్జాల్లో కీ పెట్టి చూస్తూ చూస్తూ, “మూడోదాంట్లో కీ కొంచెం లూజుగా ఉందంకుల్. అరిగిందా?” అన్నాడు. అరిగింది అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానంటే, అన్నాక కాసేపు నాకే నిజమనిపించింది.

బుచ్చిబాబు సగం యజమాని కాబట్టి, ప్రతి సామానూ పోయేముందు తన చేతిమీదుగా పోవాలన్నాడు. వారానికొకటి చొప్పున మోసుకెళ్ళాను. స్టెడీ ఒక వారం, ఫేస్ ప్లేటు ఒక వారం, గేర్లు రెండు విడతలుగా. డీజిలులో కడిగి, తుడిచి, నూనె రాసి, పాత బనీను గుడ్డలో చుట్టి, ఇక దీన్ని పంపించు, అనేవాడు, అత్తారింటికి పంపుతున్నట్టు. నేను చక్‌ను ఆఖరికి పెట్టుకున్నాను. ఆపరేషను ముందే అవుతుందని, తర్వాత ఇక అడగడని లోపల ఎక్కడో అనుకుని ఉంటాను. ఆపరేషను రెండుసార్లు వాయిదా పడింది. మనం దాచిన దాని కోసం రోజులు కూడా ఆగుతాయి.

మిరపకాయ బజ్జీల వాసన. బండి దగ్గర నలుగురు అమ్మాయిలు గొడుగు కింద నిలబడి ఊదుకుంటూ తింటున్నారు. నేను రోడ్డు పక్కకి జరిగాను, ఎప్పుడూ జరుగుతాను. ఇరవై తొమ్మిదేళ్ళ కిందటి ఆ ఆదివారం మంగవ్వ వంటింటి గుమ్మంలోంచి పిలిచింది, “మిర్చీలు చల్లగైతున్నయి, వస్తరా రారా?” అని. చక్‌లో ఒక చిన్న చక్రం బిగిస్తున్నాను. అరచేతిలో పట్టే ఆవిరి ఇంజను ఒకటి చేస్తున్నాం ఇద్దరం, దాని చక్రం అది, పోత పోయించిన ఇనుము. రెండూ నాలుగూ, ఒకటీ మూడూ. మూడోదానికి ఆఖరి తిప్పు ఇస్తున్నాను, పిలుపు వినబడింది, చేతికి నూనె ఉంది, గుడ్డ కోసం వెనక్కి తిరిగాను. అంతే. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వెళ్ళి పళ్ళెం అందుకున్నాను. బుచ్చిబాబు గదిలోనే ఉన్నాడు, వెలుగు చాలక కిటికీ తలుపు తెరుస్తున్నాడు. అంతకుముందు కాసేపటికి అతను కూడా ఆ చక్ మీద చెయ్యి వేశాడు, ఒకటో దవడ కాస్త సడలించాడు, అది నిజం. దాన్ని పట్టుకునే అతను ఇన్నేళ్ళూ బతికాడు. నేను బజ్జీ కొరికాను. లోపల బుచ్చిబాబు వేసిన మోటారు మోగింది. తర్వాత ఇనుము ఇనుముకి తగిలిన చప్పుడు ఒకటి, ఆ తర్వాత మెత్తటిదానికి తగిలిన చప్పుడు.

ఇప్పుడు తలుచుకుంటే ఆ దృశ్యం నాకు మూడు రకాలుగా కనిపిస్తుంది. ఒకదాంట్లో కీ మీద ఉన్నది నా చెయ్యి. ఒకదాంట్లో అతని చెయ్యి. ఇంకొకదాంట్లో ఎవరి చెయ్యీ లేదు, కీ ఒక్కటే ఉంది, దానంతట అదే అక్కడ మొలిచినట్టు. మొదట్లో రెండోది లేదు. ఎప్పుడు పుట్టిందో తెలియదు, మెల్లగా, అడక్కుండా, మనసు నా కోసం చేసి పెట్టింది. కొన్ని సంవత్సరాలు అదే ఎక్కువ స్పష్టంగా ఉండేది. మనసు ఇలాంటి పనులు ఎంత శ్రద్ధగా చేస్తుందో తెలిసినవాడు తన జ్ఞాపకం మీద ప్రమాణం చేయడు. అందుకే నేను జ్ఞాపకాన్ని నమ్మడం మానేశాను, బెజ్జాన్నే నమ్ముతాను. బెజ్జం మూడోది. అది మాత్రం మారలేదు.

ఆటోలో అతని ముఖానికి తువ్వాలు అదిమి పట్టుకుని కూర్చున్నాను. ఇదే రోడ్డు, అప్పుడు పైన వంతెన లేదు. తువ్వాలు బరువెక్కుతోంది. అతను నా మోకాలు పట్టుకుని, “నేనే వదిలేశాను నర్సయ్యా. ఒకటోది సడలించి కీ అందులోనే వదిలేశాను. నేనే,” అన్నాడు. నేను “మాట్లాడకు” అన్నాను. అతని నొప్పి చూసి అన్నానో, నాతో నేనే అన్నానో ఇప్పటికీ తేల్చుకోలేను. ఆ రోజంతటికీ అతనితో నేను అన్న మాట అదొక్కటే. సాయంత్రం ఆస్పత్రినుంచి బట్టలు తీసుకెళ్ళడానికి ఇంటికి వచ్చాను, నేరుగా రేకుల గదిలోకి వెళ్ళాను. గోడ మూలన కీ పడి ఉంది. చక్ మీద మూడో బెజ్జం అంచు చిట్లి పైకి లేచి ఉంది, కొత్త ఇనుము వెండిలా మెరుస్తోంది. కీ ఎగిరేముందు మిషను అడుగున ఉండే బెడ్‌కి తగిలి అక్కడ మెలిపెట్టింది. బుచ్చిబాబు ఎప్పుడో ఒకప్పుడు దాన్ని చూస్తాడు, తాను పట్టుకున్నది ఒకటోది గదా అనుకుంటాడు, తర్వాత నా వైపు చూస్తాడు. నేను ఇలా అనుకోలేదు. ఏమీ అనుకోలేదు. నా చెయ్యి గోడమీది సన్న ఆకురాయి తీసుకుంది. మంగవ్వ గుమ్మంలోకి వచ్చి, “ఆయినె దవఖాన్ల ఉంటె గిప్పుడు ఆకురాయి వట్టినవేంది?” అంది. “నెత్తురంటింది, తుడుస్తున్న,” అన్నాను. ఆకురాయితో నెత్తురు తుడుస్తారా అని ఆమె అడగలేదు. ఆ తర్వాత మా ఇంట్లో మిరపకాయ బజ్జీలు వేయలేదు. నేను వద్దనలేదు, ఆమె ఎందుకని అడగలేదు.

లేచిన అంచు పోయాక గోటితో గీసి చూశాను. మేస్త్రి హనుమత్ప్రసాద్ గారు మాకు మొదటి సంవత్సరమే నేర్పిన పద్ధతి అది. వేలికి అందనిది గోటికి అందుతుంది, కంటికి అందనిది చెవికి అందుతుంది అనేవారు. అంచు సరిగా ఉంటే గోరు తట్టుకుని టిక్‌మంటుంది. ఒకటి, రెండు, నాలుగు టిక్‌మన్నాయి. మూడోది మోగలేదు. మరీ ఎక్కువ రాసేశాను. అంచు గుండ్రంగా అయి గోరు జారిపోయింది, నీళ్ళల్లోకి జారినట్టు. పోయిన ఇనుమును తిరిగి పెట్టే ఆకురాయి లేదు. చక్‌ను నూనెగుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను, పక్కన కీ పెట్టాను. తర్వాత మేము మూడు దవడల త్రీ జా చక్‌తోనే పని చేసుకున్నాం. మేము అంటున్నాను గానీ, బుచ్చిబాబు వచ్చి బల్ల మీద కూర్చునేవాడు. ఒంటికంటికి ఎంత దూరమో అంతుపట్టదు, టూలు ఇనుముకి తగిలిందో లేదో తెలియదు. ఫ్యాక్టరీలో అతన్ని లేత్ నడిపే టర్నర్ పనినుంచి స్టోర్స్‌కి మార్చారు. ఇంజను చక్రం సగం పనిలో ఆగిపోయి ఇప్పటికీ ఆ పెట్టె అడుగున ఉంది.

నిజం చెప్పకపోవడం ఒక్కసారి చేసే పని అయితే ఎంత బావుండేది. మొదటి గంట భయం వల్ల చెప్పలేదు, మొదటి వారం అతని నొప్పి వల్ల చెప్పలేదు. ఆ తర్వాత స్ప్రింగులు మొదలయ్యాయి. బుచ్చిబాబు స్టోర్స్‌లో కూర్చుని చక్ కీలన్నిటికీ స్ప్రింగులు అమర్చడం మొదలుపెట్టాడు; నొక్కి పట్టుకుంటేనే కీ బెజ్జంలో నిలుస్తుంది, చెయ్యి తీస్తే దానంతటదే బయటికి దూకుతుంది, ఇక మర్చిపోవడం ఎవరి తరమూ కాదు. ఒక కీ, పది కీలు, టూల్‌రూమ్ మొత్తం. కొత్తగా చేరినవాళ్ళను వరసగా నిలబెట్టి, నల్లద్దాలు తీసి, “ఇదిగో, ఇటు చూడండి. నేను చాలా జాగ్రత్తగలవాణ్ణని పేరు. ఒక్కసారి మర్చిపోయాను,” అనేవాడు. నేను పక్కనే నిలబడి తల ఊపేవాణ్ణి. తల ఊపడం కూడా నా మెడ చేసిన పనే. అతనికి ఆ తప్పు ఒక బోధ అయింది, బతుకులో మిగిలిన గౌరవమైంది, ఇప్పుడు నేను నోరు విప్పితే అది కూడా లాక్కున్నట్టవుతుంది అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. ఎంత గొప్ప సాకు, దయలాగే కనిపిస్తుంది. కానీ ఒకసారి, ఎవరూ లేనప్పుడు, అతను తన కుడిచేతిని ఎదురుగా పెట్టుకుని చూసుకుంటూ ఉండడం చూశాను, ఇంట్లోనే దొంగ దొరికినట్టు. ఆ చెయ్యి ఏ తప్పూ చేయలేదని తెలిసినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే. వెనక్కి నడిచి, గుమ్మం దగ్గర కావాలని దగ్గి, మళ్ళీ లోపలికి వచ్చాను.

పంజాగుట్ట చౌరస్తా. ఫ్లైఓవరు కింద నీళ్ళు నిలిచి, బస్సు దూసుకుపోతే పంచె మోకాళ్ళదాకా తడిసింది. శ్మశానం గోడ పక్కన కాసేపు ఆగి సంచిని గోడ మీద పెట్టాను. రెండు చేతుల వేళ్ళూ తెల్లబడి ముడతలు పడ్డాయి, పట్టీ గుర్తులు ఎర్రగా లోతుగా ఉన్నాయి. ఇక్కడ వదిలేసి పోవచ్చు. ఆటోలో మర్చిపోయాను అనవచ్చు. మర్చిపోవడం నాకు కొత్తా. ఈ ఆలోచనకి నవ్వొచ్చింది. సంచి ఎత్తుకున్నాను.

మూడో అంతస్తు, లిఫ్టు పనిచేయడం లేదు. మెట్టు మెట్టుకీ సంచి మోకాలికి తగులుతోంది. మొదటి అంతస్తులో ఎవరో టీవీ చూస్తున్నారు, రెండో అంతస్తులో పోపు వేగుతోంది. మూడో అంతస్తులో తలుపు తీసే ఉంది.

“రండన్నయ్యగారూ, రండి. అయ్యో, ఆ చేతులు చూడండి ఎలా కందిపోయాయో!” బుచ్చిబాబు భార్య సీతామహాలక్ష్మి సంచి అందుకోబోయి ఒక్క చేత్తో లేపలేక వదిలేసింది. “రేపు పొద్దున ఆపరేషను పెట్టుకుని ఈయన ఉదయం నుంచీ డీజిలు గిన్నె, పేలికలు ముందేసుకుని కూర్చున్నారండీ. చుక్కల మందు వేస్తుంటే కూడా, నర్సయ్య వచ్చాడా అనే.”

“ఒక్క స్టేషనే కదయ్యా,” అన్నాడు బుచ్చిబాబు కుర్చీలోంచి, నేనున్న చోటికి రెండడుగులు పక్కకి చూస్తూ. “గంటన్నర పట్టిందేంటి?”

“మెట్రోల రానియ్యలే. బాంబనుకున్నరు.”

“నిన్ను చూసా? నువ్వు బాంబులు మోసేవాడిలా ఉంటావా? బీరకాయలు మోసేవాడిలా ఉంటావు.”

“నువ్వు చూసినవా ఏంది నేనెట్లున్ననో?”

“చూడక్కర్లేదు, నడక వింటే తెలుస్తుంది. ఇటియ్యి దాన్ని.”

సీతామహాలక్ష్మి కాఫీకి లోపలికి వెళ్ళింది. గుడ్డ విప్పి చక్‌ను అతని ఒళ్ళో పెట్టాను, కీ పక్కన స్టూలు మీద పెట్టాను. స్ప్రింగు లేని పాత కీ అదొక్కటే మిగిలింది. అతను అరచేతులు రెండూ దానిమీద పరిచాడు, జ్వరం చూసినట్టు. చూపుడువేలు బయలుదేరింది. ఒకటో బెజ్జం, రెండోది. వేలు మూడోదాని అంచు మీదికి వచ్చింది, అంచు వెంబడే నాలుగు వైపులా తిరిగింది, ఆగలేదు. నాలుగోదానికి పోయింది. మళ్ళీ ఒకటోదానికి.

“ఏమీ తెలియడంలేదు నర్సయ్యా,” అన్నాడు గొంతు తగ్గించి, వంటింటివైపు ఒక చెవి పెట్టి. “వేళ్ళు చచ్చిపోయాయి. షుగరు. ఆర్నెల్లయింది, సీతకి చెప్పలేదు. కాఫీ వేడిగా ఉందో లేదో పెదవికి తగిలేదాకా తెలీదు. గేర్లు కూడా ఊరికే తుడిచి ఇచ్చానంతే. దీన్నయినా పోల్చుకుంటానేమో అనుకున్నా.”

నాలో ఏదో ఒక్కసారిగా తేలికపడింది. ఇక తెలియదు. ఎప్పటికీ తెలియదు. చదవగలిగిన ఆ ఒక్క వేలూ చచ్చిపోయింది, ఆదివారం ఈ చక్ తేజతో వెళ్ళిపోతుంది, మూడోది వాడకంలో అరిగింది. ఊపిరి నిండా పీల్చుకున్నాను, ఇరవై తొమ్మిదేళ్ళలో అలా పీల్చుకుని ఎరగను. పీల్చుకున్న ఆ ఊపిరితోనే భయం లోపలికి వచ్చింది. నా దోస్తు వేళ్ళు చచ్చిపోయాయంటే నేను సంతోషించాను. ఈ పని నా చెయ్యి చేసింది కాదు, కాలు చేసింది కాదు. ఇది నేనే.

“ఇంకో పనుంది,” అన్నాడు. “ఆ కుర్రాడికి మనం పక్కన ఉండి చెప్పలేం గదా. కీకి ఒక అట్టముక్క కట్టు. నేను చెబుతా, నువ్వు రాయి, నీ అక్షరం గుండ్రంగా ఉంటుంది.”

స్టూలు మీద చుక్కల మందు డబ్బా ఉంది. దాని అట్ట చింపి, లోపలి తెల్లటి వైపు మోకాలి మీద పెట్టుకున్నాను. జేబులో పెన్ను తీశాను.

“రాయి. ‘మోటారు వేసేముందు ఈ కీ ఎక్కడుందో చూసుకో.’ రాశావా? ‘దీన్ని చక్‌లో మర్చిపోయి నేను కన్ను పోగొట్టుకున్నాను. ఇట్లు, బుచ్చిబాబు, టర్నర్.’ టర్నర్ అనే రాయి నర్సయ్యా, స్టోర్స్ అని రాయకు.”

మొదటి వాక్యం రాశాను. ‘దీన్ని చక్‌లో’ అని రాశాను. ఇంతవరకూ నేను ఏదీ అనలేదు, అతను అన్నదాన్ని కాదనలేదు, అంతే. ఇప్పుడు నా అక్షరాల్లో, నా చేత్తో. పెన్ను మొన అట్ట మీద ఆగి ఉంది, సిరా చుక్క దాని చుట్టూ పెరుగుతోంది. వంటింట్లో గ్లాసులు తగులుకున్నాయి. బుచ్చిబాబు పొర కమ్మిన కన్ను కిటికీ వెలుగు వైపు తిరిగి ఉంది, రేపు అది ఏమవుతుందో అతనికీ తెలియదు నాకూ తెలియదు. ఒళ్ళో చక్ మీద అతని కుడిచెయ్యి వెల్లకిలా పడి ఉంది, అతను అనుమానించిన ఆ చెయ్యి.

“రాశావా?”

“లే.”

“ఏం, సిరా అయిపోయిందా?”

పెన్ను మూత పెట్టాను. అట్టను స్టూలు మీద పెట్టి కుర్చీ దగ్గరికి జరిగి, అతని చూపుడువేలిని నా వేళ్ళ మధ్య పట్టుకున్నాను. చల్లగా ఉంది. గోరు మాత్రం గట్టిగా, పొడుగ్గా ఉంది.

“వేలితోని కాదు బుచ్చన్నా, గోరుతోని చూడు,” అన్నాను. “ఇను.”

“హనుమత్ప్రసాద్ గారి గోరా!” నవ్వాడు. “అది మర్చేపోయాను.” నవ్వు ఆపి, చెవి వంచాడు.

ఒకటోదాని అంచుమీద అతని గోటిని లాగాను. టిక్. రెండోదాని మీద లాగాను. టిక్. నాలుగోదాని మీద. టిక్.

“మూడోది దాటేశావు,” అన్నాడు.

“దాటలే,” అన్నాను. చక్‌ను అతని ఒళ్ళోనే నెమ్మదిగా తిప్పి, అతని గోటిని మూడో బెజ్జం అంచు మీద పెట్టి, లాగాను.